బిరడా అక్క బావి

ఇంజనీరు అరచేతిలో మంచుముక్క. దాని మీద నీలిమంట.

పైన మంట... కింద చెయ్యి మాత్రం జివ్వుమంటోంది.

సముద్రం అడుగున, బురద కింద పుట్టిన మంచు అది. దాని గూళ్ళలో మీథేన్ గ్యాసు కాపురం ఉంటుంది. అక్కడి బురదవాలును పట్టి నిలిపేది కూడా ఆ మంచే. గ్యాసు కోసం దాన్ని కరిగిస్తే వాలు జారుతుంది.

అందుకే కరిగించనంది ఇంజనీరు. కార్బన్ డయాక్సైడ్ పంపుతాను, అది గూటిలో చేరుతుంది, మీథేన్ బయటికొస్తుంది అంది.

అద్దెకున్నవాళ్ళు మారతారు — ఇల్లు కూలదు.

పోయిన ఏడాది ఇదే చెప్పి, ఉత్త కార్బన్ డయాక్సైడే పంపింది. అది సముద్రం అడుగున తవ్విన బావి అంచునే నీళ్ళతో కలిసి గడ్డకట్టింది. గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు బావి మూసుకుపోయింది. బావి తవ్వే ఓడలో అందరూ ఆమెకు బిరడా అక్క అని పేరు పెట్టారు. తలుపు వేసుకుని ఏడ్చింది. మర్నాడు ఆ పేరునే హెల్మెట్ మీద రాసుకుని బయటికొచ్చింది.

ఈసారి ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌కు మూడు పాళ్ళు నైట్రోజన్ కలిపింది. ముందు అది నీళ్ళను నెట్టి దారి చేస్తుంది.

సాయంత్రం దాకానే గడువన్నాడు పెద్ద సారు. మళ్ళీ మూసుకుపోతే ఇక కరిగించడమే.

ఆమె తన టీ తాగింది. పక్కవాడి టీ కూడా తాగేసింది.

పంపు మొదలైంది. ఒత్తిడి ముల్లు పెరిగింది... ఇంకా పెరిగింది. పోయినసారి ఇక్కడే కంగారుపడి పంపు జోరు పెంచింది. ఈసారి చేతులు కట్టుకుని కూర్చుంది.

ముల్లు ఆగింది.

ముల్లు దిగింది.

బావిలోంచి ముందు నైట్రోజన్ తిరిగి పైకొచ్చింది. గంట తర్వాత... మీథేన్. ఓడ చివర, వచ్చిన గ్యాసును కాల్చే గొట్టం మీద మంట లేచింది. అందరూ అటు పరుగెత్తారు. పెద్ద సారు కూడా.

ఆమె లేవలేదు. సముద్రపు అడుగు వాలును కొలిచే తెర మీదకు వంగి ఉంది. ఆమెకు కావలసింది అక్కడుంది.

ముసలి డ్రిల్లరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మంట చూడవేమ్మా?”

“వాలు చూస్తున్నా బాబాయ్. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర మీది గీతను చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళలో ఎన్నో బావులు తవ్వినవాడు. ఎవరినీ మెచ్చుకుని ఎరగడు.

“నిద్రపోయే పాప కింద తడిగుడ్డ మార్చినట్టు మార్చావే.”

ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంకా ఎన్ని గూళ్ళున్నాయో, రేపు ఏమవుతుందో...

ఆ తర్వాత ఇద్దరూ, కింద పాప లేస్తుందన్నట్టు, గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు.