ఓబుళప్ప తువ్వాల

ప్లయరు పిడికి సైకిలు ట్యూబు చుడుతూ ఓబుళప్ప అరుగు మీద కూర్చున్నాడు. ట్యూబు ముక్క ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను సాగదీసి, వరస మీద వరస వేస్తున్నాడు. చేతులకు రబ్బరు తొడుగులు ఇస్తామన్న కరెంటు ఆఫీసువాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఇస్తామంటూనే ఉన్నారు. వాళ్ళు ఇచ్చేదాకా ఊళ్ళో ఫ్యూజులు కాలకుండా ఆగుతాయా? అందుకని ఈ ట్యూబు.

మనిషి ఎండిన కందికట్టెలా సన్నంగా ఉంటాడు. స్తంభాలు ఎక్కీ ఎక్కీ రెండు పాదాల లోపలివైపు చర్మం కాయలు కాసి గట్టిపడింది. ఎప్పుడో ఫ్యూజు కడుతుంటే మంట ఎగసి కుడికంటి మీది కనుబొమ కాలిపోయింది. మళ్ళీ సరిగా మొలవలేదు. అందుకే ఆయన మామూలుగా చూసినా ఎదుటివాణ్ణి అనుమానిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఓబుళప్ప ఎవరినీ అనుమానించే రకం కాదు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే.

ధర్మవరం నుంచి పెనుకొండ పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఆ ఊళ్ళో ఆయన్ను అందరూ కరెంటు ఓబుళప్ప అంటారు. అయితే ఆయన కరెంటు ఆఫీసు మనిషి కాదు. లైన్‌మన్ సుధాకర్ ఒక్కడికీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అప్పగించారు. అతను మాత్రం ఏం చేస్తాడు పాపం! ఊరికొక మనిషిని చూసి పెట్టుకున్నాడు. ఆ మనిషికి జీతం లేదు, కార్డు లేదు. తీగ తెగితే కట్టాలి, ఆ ఇంటివాళ్ళు చేతిలో పెట్టింది తీసుకోవాలి.

యల్లక్క సంగటి ముద్ద, చట్నీ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"రాత్రి మన పిల్లోడు వీరేష్ మళ్ళా ఫోన్ చేసినాడు. హిందూపురంలో వాళ్ళ కంపెనీ గేటు కాడ ముసలోడైనా పర్వాలేదంట, మనిషి కావాలంట. కుర్చీలో కూర్చునే పని. పోదాం పా."

"కుర్చీలో కూర్చుంటే జీతం ఎవురిస్తారే? వాంది కూడా కాంట్రాక్టు పనే."

"కంబం మీద కూర్చుంటే మాత్రం ఎవురిస్తాండారు?"

ఓబుళప్ప సంగటిలో వేలు గుచ్చి, "సుధాకర్ ఉద్యోగానికి నా పేరు పంపినానన్నాడు. ఈ తూరి కచ్చితంగా వస్తాదంట," అన్నాడు.

"నీ పేరు పోయి పోయి యాడో కాళ్ళు నొచ్చి కూర్చోనుండాది," అంది యల్లక్క. కోపంగా లేచి దండెం మీది ఎర్ర తువ్వాల తీసి, దులిపి, ఆయన భుజం మీద వేసింది. కోపమున్నా రోజూ ఆ పని మాత్రం ఆమే చేస్తుంది.

ఆ తువ్వాల సంగతి ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఓబుళప్ప స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న పెద్ద స్విచ్చి పిడిని కిందికి దించుతాడు. దించి, ఆ పిడికి ఈ తువ్వాల ముడివేస్తాడు. తువ్వాల కనబడితే తీగ మీద మనిషి ఉన్నాడని అర్థం. ఎంత పెద్ద రైతైనా, మడి ఎండిపోతున్నా, పిడి మీద చెయ్యి వెయ్యడు. పని అయ్యాక ఓబుళప్పే దిగి వచ్చి ముడి విప్పాలి. తాళంకప్ప పెట్టుకోరాదా అని ఒకసారి సుధాకర్ అంటే, "తాళమైతే దొంగతాళంచెవి ఉంటాదప్పా. తువ్వాలకు దొంగతాళం యాడుండాది?" అని నవ్వాడు.

సంజీవప్ప టీ అంగడి దగ్గరికి పోయేసరికి అప్పటికే అక్కడ దేశాన్ని ఏలుతున్నారు. చేనేత సుబ్బన్న బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. గుంటమగ్గంలో బతుకంతా కూర్చుని కూర్చుని, ఎక్కడ కూర్చున్నా ఆయన మోకాళ్ళు అలాగే మడత పడతాయి.

"నేను వారం నేసేది ఆ మిషన్ మగ్గం ఒక్క పొద్దుకు నేసి పారేస్తాది," అంటున్నాడు సుబ్బన్న. "అంగట్లో రెండూ పక్కపక్కనే పెడతారు. కొనేటోళ్ళకు ఏం తెలుస్తాది? దానికి తక్కువ ధర, నాకు తక్కువ కూలి."

"నీకు కూలన్నా వస్తాదప్పా," అన్నాడు సంజీవప్ప టీ వంచుతూ. "గ్యాసు పెరిగె, పాలు పెరిగె. నేనొక్క రూపాయి పెంచితే మాత్రం ఊరంతా నన్ను దొంగను చూసినట్టు చూస్తారు. పెనుకొండ కాడ కార్ల కంపెనీలో మరమనుషులే చక్రాలు బిగిస్తారంట. వాళ్ళకు కూలీ వద్దు, టీ కూడా వద్దు. నేనెవరికమ్మాల?"

"వాళ్ళకు కరెంటు కావాల గదా," అన్నాడు ఓబుళప్ప. "కరెంటున్నన్ని దినాలూ నాకు పనుండాది."

"ఆహా! నీ పనికి కొదవేం లేదు, జీతానికే కొదవ," అని సుబ్బన్న ఎత్తిపొడిచాడు. అందరూ నవ్వారు. ఓబుళప్ప కూడా నవ్వాడు. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. మన కొండ, మన గాలి, ఆ కరెంటు మాత్రం ఎక్కడికి పోతోందో అని సంజీవప్ప రోజూ అనే మాట ఆ రోజూ అన్నాడు.

అప్పుడే జయచంద్ర బండి ఆపాడు. ఊరి చివర మిషన్ మగ్గాల షెడ్డు అతనిదే. వెనక చీరల మూట కట్టుకుని ధర్మవరం పోతున్నాడు.

"చిన్నాయనా, కొత్త జనరేటర్ దించినా. పాతదాని మాదిరి తాడు గుంజే పనిలేదు. బటన్ నొక్కితే సాలు. శబ్దమే రాదు, పక్కనే పండుకోవచ్చు. మా ఇంటిది సుమలత కూడా ఏస్తాది."

ఓబుళప్ప చేతిలోని గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

పోయిన వేసవిలో పాత జనరేటర్‌ను షెడ్డు తీగలకు కలిపింది ఓబుళప్పే. అటు లైను కరెంటు, ఇటు జనరేటర్ కరెంటు ఒకదానికొకటి కలవకుండా నడిమధ్య రెండువైపుల స్విచ్చి ఒకటి ఉండాలి. అప్పుడు అది చేతికి లేదు. మగ్గం మీద పెళ్ళిచీరలు ఆగిపోయాయి, ఇప్పటికి కలిపెయ్యి చిన్నాయనా అని జయచంద్ర బతిమాలాడు. సరేనని కలిపాడు. ముందు షెడ్డు మెయిను స్విచ్చి దింపి, ఆ తర్వాతే తాడు గుంజు, లేకపోతే నీ జనరేటర్ కరెంటు వెనక్కి ఎక్కి వీధి తీగల్లోకి వస్తుందని ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆ తాడు గుంజే బలం జయచంద్ర ఒక్కడికే ఉంది, మెయిను దింపే అలవాటూ అతనొక్కడికే ఉంది. అందుకని ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు.

"ఆ పాత తీగలకే తగిలించినారా?"

"ఆ, వాటికే. నువ్వు చెప్పిన స్విచ్చి ఈ పొద్దు తెస్తాలే."

"సుమలతకు చెప్పినావా, మెయిను దింపాలని?"

"ఫోన్ చేసి చెప్తాలే చిన్నాయనా. యాలయితాంది," అని జయచంద్ర బండి లేపుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం, ఒక బోరు మోటారు దగ్గర పని ముగించుకుని, ఓబుళప్ప షెడ్డు వైపు నడిచాడు. మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అన్నాలవేళ కావడంతో షెడ్డులో ఎవరూ లేరు. మగ్గాలు ఆగి ఉన్నాయి, సగం నేసిన మామిడిపిందెల అంచు వాటి మీద మెరుస్తోంది. మూలన కొత్త జనరేటర్ ఉంది. పసుపు, కుంకుమ పెట్టిన తెల్లని డబ్బా. దాని తీగ తను కట్టిన ముడి దగ్గరికే వచ్చి చేరింది.

ఓబుళప్ప ప్లయరు తీశాడు. ఆ తీగ ఒక్కటి కత్తిరిస్తే చాలు, స్విచ్చి వచ్చేదాకా నిశ్చింత. ప్లయరు నోరు తీగ మీద పెట్టాడు కూడా.

పెట్టి ఆలోచించాడు. పెళ్ళిళ్ళ కాలం. కరెంటు పోయి, మగ్గం ఆగి, జరీ పాడైతే? కొత్త మిషన్ తెచ్చుకున్న రోజే ఓబుళప్ప కత్తిరించిపోయినాడని అనరా? పరాయి షెడ్డులో, మనుషులు లేనప్పుడు, అడగకుండా చెయ్యి పెట్టడం ఏం మర్యాద? సాయంత్రానికి జయచంద్ర స్విచ్చి తెస్తానన్నాడు కదా. ఫోన్ కూడా చేస్తానన్నాడు. ప్లయరును మళ్ళీ నడుముకు దోపుకున్నాడు.

అయ్యో, ఎంత పని! మర్యాదకు పోయి ముప్పు కొని తెచ్చుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

పొద్దు వాలేవేళకు గాలి లేచింది. షెడ్డు దగ్గరి చివరి స్తంభం మీద తీగల అతుకు కాలి నిప్పురవ్వలు రాలుతున్నాయని సంజీవప్ప ఫోన్ చేశాడు. ఆ స్తంభం దాటితే జయచంద్ర షెడ్డు తప్ప వేరే కనెక్షన్ లేదు. కింద మాత్రం ఎండుగడ్డి వాముంది. అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఓబుళప్ప పరుగున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి పిడి దించాడు. తువ్వాల తీసి ముడివేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. సుధాకర్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

"సరే ఓబుళన్నా, బిర్నా కట్టేసి కరెంటు ఇచ్చెయ్. సాయంత్రం పూట, జనం తిడతారు," అన్నాడు సుధాకర్.

చివరి స్తంభం దగ్గరికి వచ్చేసరికి షెడ్డులో మగ్గాలు ఆగిపోయి, ఆ పక్కంతా నిశ్శబ్దంగా ఉంది. అటువైపు షెడ్డుకు కిటికీ లేదు.

"అమ్మా సుమలతా!" అని ఓబుళప్ప గట్టిగా కేకేశాడు. గాలి ఆ కేకను అటు పోనివ్వలేదు. పోయి చెప్పి వద్దామా అనుకున్నాడు. కింద గడ్డి పొగ చిమ్ముతోంది. దాన్ని కాళ్ళతో తొక్కి ఆర్పి, పైకి చూశాడు. క్షణంలో అయ్యే పని. పాదాల కాయలు స్తంభానికి ఆనించి ఎక్కాడు.

పైనుంచి ఊరంతా కనబడుతోంది. కాలిన అతుకును కత్తిరించి పడేశాడు. షెడ్డు వైపు తీగ విడిపోయి గాలికి ఊగింది. కొత్త ముక్కను ప్లయరుతో వంచుతున్నాడు.

షెడ్డులో మగ్గాలు మొదలయ్యాయి. టకటక, టకటక.

ఓబుళప్ప చెయ్యి ఆగింది. తల తిప్పి వీధి ఆ చివరకు చూశాడు. పిడి కిందికే ఉంది. తువ్వాల కట్టింది కట్టినట్టే ఉంది, ఎర్రగా, గాలికి కొస ఊగుతోంది. ఎవరూ ముట్టుకోలేదు. అంటే జనరేటర్ వేసుకున్నారు. కొత్తది, మంచిదే కొన్నాడు, మగ్గాల చప్పుడు తప్ప దాని చప్పుడే లేదు. సుమలత మెయిను దింపే ఉంటుంది. జయచంద్ర ఫోన్ చేస్తానన్నాడు కదా.

ఇంకొకసారి తువ్వాల వైపు చూశాడు. దాన్ని చూస్తే ఎప్పుడూ ధైర్యమే. ఊగుతున్న తీగను ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆ చేతికి రబ్బరు లేదు.

కింద పడిన చప్పుడు మగ్గాల మోతలో కలిసిపోయింది. సంజీవప్ప వచ్చి చూసి అరిచేదాకా సుమలత చీర నేయిస్తూనే ఉంది. విషయం తెలిశాక ఆమె షెడ్డు గడపలో కూలబడిపోయింది. "నాకెవురూ చెప్పలేదు, నాకెవురూ చెప్పలేదు," అని అదే మాట అంటూ తలబాదుకుంది. జయచంద్ర చీకటి పడ్డాక వచ్చాడు. చేతిసంచిలో స్విచ్చి లేదు. అంగడి మూసుండాది అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

యల్లక్క ఆయన కాయకట్టిన పాదాలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. 

ఆ రాత్రి ఊరికి కరెంటు రాలేదు. పిడి దగ్గరికి పోయినవాడల్లా తువ్వాల చూసి తిరిగొచ్చాడు. మరునాడు ఓబుళప్పను మట్టిచేశారు. హిందూపురం నుంచి వచ్చిన వీరేష్ తండ్రి ప్లయరును నడుముకు దోపుకుని, మళ్ళీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని తిరిగాడు. నీళ్ళ ట్యాంకు ఖాళీ అయింది. మిషన్లు ఆగాయి, ఫోన్లు ఆరిపోయాయి. తువ్వాల విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆఖరుకు సుధాకర్ చివరి స్తంభం మీది తీగ తనే అతికి, యల్లక్కను పిలిపించాడు.

"అక్కా, నీ చేత్తో నువ్వే విప్పాల. ఊరంతా చీకట్లో ఉండాది."

యల్లక్క పిడి ముందు నిలబడి ఆ ముడిని చూసింది. ఆయన వేళ్ళు బిగించిన ముడి, రెండుసార్లు లాగి చూసుకున్న ముడి.

"పేరు పంపినానంటివి గదప్పా," అంది. "వచ్చిందా?"

సుధాకర్ తల దించుకున్నాడు.

"కట్టినోడే వచ్చి ఇప్పాల," అని ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

 తర్వాత సుధాకరే ముందుకు వచ్చాడు. గుడ్డకు వేలు తగలకుండా కిందినుంచి పిడిని పట్టుకుని, కళ్ళు మూసుకుని పైకి ఎత్తాడు. వీధిలో దీపాలు వెలిగాయి. ఎక్కడో మోటారు మొదలైంది, టీ అంగట్లో టీవీ మాట్లాడింది, ఆ చివర షెడ్డులో మగ్గం టకటకమంది.

పైకి లేచిన పిడికి ఎర్ర తువ్వాల ఇంకా కట్టే ఉంది.