చిన్నత్త దినాల సెలవు

ఆదివారం సాయంత్రం ఫొటో పెట్టాను. సోమవారం సాయంత్రానికల్లా ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చాను. ఈ రెండింటి మధ్యా నేను చేసిందల్లా పది నిమిషాలకోసారి ఫోన్ తీసి ఎన్ని లైకులొచ్చాయో చూసుకోవడం.

నా పేరు కమలకుమారి. నాచారంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. కాకినాడ నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయినా నాకు కుదురనేది రాలేదు. "కాలు కాలిన పిల్లి" అని మా ఆయన జనార్ధనరావు పెట్టిన పేరు మా అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఆ తిరిగే కాలికి తోడు మూడేళ్ళ కిందట ఒక మంచి ఫోన్ కొనుక్కున్నాను. అప్పట్నుంచీ ఉప్పల్లో కూరగాయల బళ్ళ దగ్గర్నుంచి చర్లపల్లి స్టేషన్లో కూలీల దాకా నేను తీయని ఫొటో లేదు.

ఫేస్‌బుక్‌లో 'మా వీధి మా ఫొటో' అని ఒక గ్రూపు ఉంది. పదకొండు వేల మంది. కెమెరాలున్నవాళ్ళు తక్కువ, నాలాంటి ఫోన్లవాళ్ళు ఎక్కువ. రోజూ కంటబడేదేదో ఫొటో తీసి, దాని వెనక కథ రాయాలి. నియమాలు రెండే. ఫొటో కింద తేదీ, సమయం, చోటు వేయాలి. కథ నిజమై ఉండాలి. అల్లి రాశారని తెలిస్తే అడ్మిన్ రాఘవేంద్ర మొహమాటం లేకుండా బయటికి పంపేస్తాడు. పోయినేడు ఒకాయన లేని కథ రాశాడని పట్టుకుని, ఆయన్ను పంపించేదాకా గోల చేసింది నేనే. కల్పించి రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

ఆ ఆదివారానికి ముందు మంగళవారం కాలేజీ కాగితాల పని మీద అమీర్‌పేట వెళ్ళడానికి ఉప్పల్ మెట్రో ఎక్కబోతున్నాను. ఎస్కలేటర్ ముందు ఒకావిడ నిలబడిపోయింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఆకుపచ్చ చీర, తల్లో కనకాంబరాలు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. కాలు పెట్టబోవడం, వెనక్కి తీయడం, తనలో తనే నవ్వుకోవడం. చివరికి కళ్ళు మూసుకుని ఎక్కేసింది. కళ్ళు తెరిచేసరికి పైకి పోతోంది. అప్పుడు నవ్విందీ, నోరంతా తెరిచి! సరిగ్గా అప్పుడు తీశాను. పదీ నలభై.

"జర చెయ్యి పట్టుకో అక్కా, ఇది నన్ను మింగేటట్టున్నది" అంది పైకి చేరేటప్పుడు. పట్టుకున్నాను. అలా పరిచయం. ఫొటో చూపిస్తే మురిసిపోయింది. పేరు వెంకటనర్సమ్మ. రైల్లో నా పక్కనే కూర్చుంది.

"ఎక్కడిదాకా?" అన్నాను.

"యాడికీ లేదక్కా. ఆఖరిదాంక పోత, మల్ల ఒస్త. గంతే." కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది. "పద్దెనిమిదేండ్ల సంది నాచారంల బిస్కెట్ల కంపినీల ప్యాకింగ్ చేస్తున్న. ఈ రైలు పెట్టినంక దినాం దీని కిందికెల్లే పోతున్న గని ఒక్కపారి ఎక్కలె."

"మరి ఇవాళ సెలవా?"

చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "సెలవడిగితే ఇయ్యరక్కా. ఎవలన్న సస్తేనే ఎంటనే ఇస్తరు. ఉన్నోళ్ళను సంపబుద్ధి గాలె. గందుకే లేని చిన్నత్తను సంపిన. మియాపూర్ల దినాలున్నయని చెప్పొచ్చిన."

ఇద్దరం పక్కవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాం. అమీర్‌పేటలో నేను దిగుతుంటే చెయ్యూపింది. రోజంతా నా మనసు తేలిగ్గా ఉంది.

ఫొటో పెట్టొచ్చా అని రైల్లోనే ఆవిడను అడిగాను. "పెట్టుకో అక్కా, మంచిగొచ్చింది" అంది. కథ రాస్తానని మాత్రం చెప్పలేదు. ఆదివారం కూర్చుని మొత్తం రాసేశాను. బిస్కెట్ల కంపెనీ, పద్దెనిమిదేళ్ళు, లేని చిన్నత్త, మియాపూర్ దినాలు, ఒక్క పొల్లు వదల్లేదు. జాగ్రత్తపడుతున్నాననుకుని పేరు మార్చి రాములమ్మ అని పెట్టాను. పేరు మార్చి, మొహం మాత్రం నిలువెత్తున వేశాను! కింద తేదీ, సమయం, చోటు. ఫొటోల పిచ్చిలో పడ్డవాళ్ళకి తప్ప ఇంత తెలివితక్కువ పని ఇంకెవరికీ చేతకాదు.

సోమవారం మధ్యాహ్నానికి రెండు వేల లైకులు. రాఘవేంద్ర దాన్ని 'ఈ వారం ఫొటో'గా పైన పెట్టాడు. భోజనాల వేళ డబ్బా మూత తీస్తూ చూస్తే తేజేష్ అనే అతని కామెంట్. "ఈమె మా ప్యాకింగ్ సెక్షన్ వెంకటనర్సమ్మ గదా! చిన్నత్త సచ్చిందంటే మేమందరం పాపమన్నం. సూపర్‌వైజర్‌కు మస్తు టోపీ పెట్టింది."

డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. వెంటనే తీసేయాల్సింది. తీసేయలేదు. నలభై నిమిషాలు దాన్ని తెరవడం, మూయడం. ఆ తేజేష్ ఒక్కడికే కదా తెలిసింది అనుకున్నాను, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. అసలు సంగతి, ఆ రెండు వేలు పోతాయని నా ప్రాణం ఒప్పుకోలేదు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. తీసేసేటప్పటికి నూట డెబ్భై మంది దాన్ని పంచుకున్నారు.

సాయంత్రం ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇల్లంతా తిరిగితే ఏం లాభం?" అన్నారు మా ఆయన. "రేపు పొద్దున్నే వెళ్ళి కనుక్కో. నన్ను మాత్రం అన్నం తిననీ."

మంగళవారం ఏడున్నరకే నాచారం పారిశ్రామికవాడలో ఆ కంపెనీ గేటు ముందున్నాను. తొలి షిఫ్టు లోపలికెళ్ళిపోయింది. గేటుకివతల వెంకటనర్సమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బాతో. నన్ను చూసి పలకరించలేదు.

"నిన్న పొద్దుమీకి ఇంటికి పొయ్యేటప్పుడు, రేపటి సంది రాకన్నడు సూపర్‌వైజర్. అయినా ఒచ్చిన. లోపటికి రానిస్తలేరు" అంది గేటు వంకే చూస్తూ. "మా ఆయన చెంగిచెర్లల వాచ్‌మెన్. ఆ ఒక్క జీతంతోని ఇల్లెల్లదు మేడం."

అక్క పోయి మేడం వచ్చింది. నేను కాపలావాడితో పోట్లాడి లోపలికి వెళ్ళాను. కోపమంతా నా మీదే, వాడి మీద చూపించాను.

సూపర్‌వైజర్ పేరు లక్ష్మీకాంత్. మాటను బట్టి మావైపు మనిషే. ముందు కుర్చీ వేయించాడు.

"ఆవిడ తప్పేం లేదండీ" అన్నాను. నేనేం చెప్పబోతున్నానో నాకే తెలియదు. నోరు దానంతటదే నడిచింది. "చిన్నత్తగారి దినాలకే వెళ్తోంది. అమీర్‌పేటలో రైలు మారి మియాపూర్ వెళ్ళాలి కదా. ఎస్కలేటర్ మీద కాలు జారబోయి నవ్వింది. మిగతాదంతా నేను కల్పించి రాశాను, నలుగురూ మెచ్చుకుంటారని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ గ్రూపులో అబద్ధం రాయకూడదంట కదండీ?"

"అందుకే తీసేశాను."

"చూడండి మేడమ్, నాకొక్కడికి చెబితే సరిపోదు. పై మేనేజరు గారు చదివారు. నా సెక్షన్లో వందమంది చదివారు. ఇవాళ నేను ఊరుకుంటే వచ్చే వారం అందరి చిన్నత్తలూ పోతారు. మీరు రాసిన చోటే, కల్పించానని రాయండి. అది మేనేజరు గారికి చూపిస్తాను. అప్పుడు ఆవిడని లోపలికి పిలుస్తాను."

అక్కడే రాశాను. 'ఆదివారం నేను పెట్టిన ఫొటో వెనక కథ అబద్ధం. ఆమె దగ్గరివాళ్ళ కర్మకు వెళ్తున్న మనిషి. ఊరికే రైలెక్కి తిరగడం, లేని చిన్నత్త, ఇవన్నీ నా కల్పన. ఆమెకూ చదివినవాళ్ళకూ క్షమాపణ.' మూడేళ్ళుగా ఆ గ్రూపులో నిజానికి నిలువెత్తు సాక్ష్యంలా తిరిగిన కమలకుమారి, మొదటిసారి అబద్ధం రాసింది, అదీ తను అబద్ధమాడానని. రాఘవేంద్ర ఎక్కువ మాట్లాడలేదు. 'మీరా కమల గారూ' అని ఒక మెసేజి, తర్వాత నాకు గ్రూపు తెరుచుకోలేదు. ఏడుపొచ్చింది. పంటి బిగువున ఆపుకున్నాను.

లక్ష్మీకాంత్ పైకి వెళ్ళి పావుగంటకు దిగి వచ్చాడు. వెంకటనర్సమ్మను పిలిపించి నా ముందే అడిగాడు. "ఈ మేడమ్ చెప్పింది నిజమేనా? మీ చిన్నత్త దినాలకే వెళ్ళావా?"

ఆమె నా వంక చూసింది.

"అవ్ సార్" అంది. "దినాలకే పోయిన."

"ఊరికే తిరగడానికి కాదు కదా?"

"కాదు సార్. నాకేం పని, ఊకె తిరగనీకి?"

"సరే, షిఫ్టులోకి వెళ్ళు."

బయట వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని "పాపం, చిన్నత్త ఎట్ల సచ్చింది?" అని అడుగుతున్నారు. "గుండె ఆగింది" అని ఆమె చెబుతోంది. వాళ్ళు వెళ్ళాక నేను దగ్గరికెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఒక మంచి మాట అంటుందని ఆశపడ్డాను. నా గ్రూపు పోయింది, పరువు పోయింది, ఆమె ఉద్యోగం దక్కించాను కదా అనే గీర నాలో ఎక్కడో తలెత్తింది.

"కొలువైతే మిగిలింది" అంది తలకు గుడ్డ కట్టుకుంటూ. "మేడం, పద్దెనిమిదేండ్లల నేను సెలవలు పెట్టలేదని కాదు. పెండ్లిళ్ళకు పెట్టిన, పిల్లల జరాలకు పెట్టిన, నిజంగ సచ్చినోళ్ళకు పెట్టిన. నాకోసమని నేను తీస్కున్న దినం అదొక్కటే. ఇంటికి పోయి మా ఆయనకు గూడ చెప్పలె, నా కడుపులనే దాసుకున్న. నీకు చెప్పిన. ఇప్పుడు దాన్ని నేనే కాదన్న, నా నోటితోని."

పోట్లాడ్డానికి ఎప్పుడూ తడుముకోని మనిషిని, "తప్పయింది" అనడానికి నాలుక తిరగలేదు. చివరికి ఎలాగో అన్నాను.

లోపల మిషన్లు మొదలైన చప్పుడైంది. ఆమె రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ఆ ఫొటో ఉన్నదా, పోన్ల నుంచి గూడ తీసేసినవా?"

"ఉంది. ఇప్పుడే తీసేస్తాను" అని ఫోన్ బయటికి లాగాను.

ఆమె నా చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది.

"తియ్యకు" అంది. "ఎవ్వలకు సూపియ్యకు. గని తియ్యకు."