పీటలు గేటు బయట

"మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు కూలీలకి నువ్వే చెప్పెయ్, రేపట్నుంచి రావద్దని. నీకు అలవాటేగా!" అన్నాడు అయూబ్, నేను చపాతీలు కాలుస్తుంటే, ఫోన్లోంచి తలెత్తకుండా.

అలవాటే మరి. నేను హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి హెచ్ఆర్‌ని. గుంటూరులో ఈ ఇంటి నుంచే, పడగ్గది మూలన టేబుల్ వేసుకుని పని చేస్తాను. కొన్నాళ్ళుగా నా పనల్లా మనుషుల్ని వీడియో కాల్‌లోకి పిలిచి, ఉద్యోగం పోయిందని చెప్పడం. ఇంటి వెనక షెడ్డులో మావాళ్ళు మిరపకాయల తొడిమలు, అదే ముచ్చికలు, తీయించి వ్యాపారులకు ఇస్తారు. ఆడవాళ్ళు ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని, పీటల మీద కూచుని, సాయంత్రం దాకా ఆ ఘాటులోనే చేస్తారు. నిన్న ముచ్చికలు తీసే మిషను దిగింది. అది కొనేటప్పుడు నన్ను అడిగినవాళ్ళు లేరు. కూలీల్ని మాన్పించడానికి మాత్రం నేను కావాలి.

"నోరు రాకపోతే సాయంత్రం వాళ్ళు పోయాక పీటలు గేటు బయట పెట్టించు. వాళ్ళకే అర్థమవుద్ది" అంది మా అత్త మౌలాబీ.

మా షెడ్డులో అదో పద్ధతి. పీట లోపలే వదిలి వెళ్ళారంటే మర్నాడు పని ఉన్నట్టు. పొద్దున వచ్చేసరికి అది గేటు బయట ఉందంటే ఇక లేనట్టు. ఎవరి పీట వాళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళిపోతారు. ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో చేదు మాట ఏదున్నా దానికి నా నోరే కావాలి. మరిది షబ్బీర్‌కి చూసిన సంబంధం వద్దనుకున్నప్పుడు ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసింది నేను. "ఆడాళ్ళూ ఆడాళ్ళూ మాట్లాడుకుంటే బాగుంటది" అన్నారు. వద్దన్నది వాళ్ళు, ఆ తల్లి ఏడుపు విన్నది నేను. ఆడబిడ్డ నస్రత్ పుట్టింటికి వస్తానంటే, ఇప్పుడు వీలుకాదని చెప్పిందీ నేనే. ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు, అన్నతో మాత్రం బాగానే ఉంటుంది. "నీ నోరు మెత్తన షమీమ్, ఎవరికీ బాధ కలగదు" అంటాడు అయూబ్, అదేదో మెచ్చుకోలైనట్టు. నా నోరు మెత్తన కాదు. కనిగిరిలో మా వీధి వీధంతా నా నోటికి దడిచేది. మెత్తన చేసింది ఈ కాపురం.

ఆఫీసులోనూ అదే పాట. ఈసారి కాల్స్ చేయడానికి ఎంచినవాళ్ళమంతా ఆడవాళ్ళమే. "మీరైతే సున్నితంగా చెప్తారు" అన్నాడు డైరెక్టర్ లక్ష్మీకాంత్. సున్నితం మా వంతు, నిర్ణయం వాళ్ళ వంతు. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. ఖర్చు తగ్గించమని పైనుంచి మాట వస్తుంది. ఖర్చంటే జీతాలు, జీతాలంటే మనుషులు. రేటింగులు ముందేసుకుంటారు. అఖిల కొన్ని నెలలు కాన్పు సెలవులో గడిపింది కాబట్టి ఆ ఏడాది పని తక్కువ కనిపించింది, దాంతో రేటింగూ తగ్గింది. ఆమె టీములో వీరబాబుదీ అదే రేటింగు. ఇద్దరిలో ఎవరు? "అతనికి ఇంటి లోను ఉంది. ఈమెకి మొగుడి జీతం ఉందిగా, పిల్లని చూసుకుంటుంది" అన్నాడు లక్ష్మీకాంత్. ఎవరో నవ్వారు. "సార్, కాన్పు సెలవుని లెక్కలో వేయకూడదు కదా" అన్నాను. "చూద్దాం" అని తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు.

ఇవాళ పన్నెండింటికి ఆ అఖిలతోనే కాల్. చదవాల్సిన మాటలు లాయర్లు రాసిచ్చారు. సారీ అనకూడదు, అంటే తప్పు ఒప్పుకున్నట్టట. మిమ్మల్ని తీసేశామనకూడదు, మీ రోల్ తీసేశామనాలి. ఎవరు నిర్ణయించారని అడిగితే సంస్థ అనాలి. మనం మాట్లాడుతుండగానే అవతలి మనిషికి ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది. మా అత్తకి తెలియదు గానీ, ఆవిడ పద్ధతే వీళ్ళదీ.

అఖిల సింగరాయకొండలో పుట్టింట్లో ఉంది. భుజం మీద పిల్ల. తెర మీద పక్క గడిలో లక్ష్మీకాంత్ పేరు ఉంది, మొహం లేదు. డైరెక్టర్ కూడా కాల్‌లో ఉండాలని రూలు. ప్రతిసారీ కెమెరా, మైకూ ఆపుకుని ఉంటాడు. నేను రాసిచ్చింది చదివాను. ఆమె పిల్ల వీపు నిమురుతూ విని, "ఎవరు మేడమ్ నిర్ణయించింది?" అంది.

"సంస్థ."

"సంస్థంటే ఎవరు మేడమ్? పిల్లని ఒళ్ళో వేసుకుని పని చేస్తుంటే ఇంకా కాలేదా అని మెసేజీలు పెట్టినోళ్ళకి పేర్లున్నాయి. తీసేసేవాళ్ళకి లేవా?"

నా గొంతులో ఇన్నేళ్ళుగా ఉన్న మెత్తదనమంతా ఆ క్షణాన అడుగంటింది.

"ఉంది. లక్ష్మీకాంత్ గారు. ఇక్కడే ఉన్నారు. సార్, కెమెరా ఆన్ చేసి, ఎందుకో మీరే చెప్పండి."

గడి నల్లగానే ఉంది. నాకు విడిగా మెసేజ్ వచ్చింది. దాన్ని పైకే చదివాను. "రాసింది మాత్రమే చదవమంటున్నారు అఖిలా."

ఆ గడి మాయమైంది. ఇంతకు ముందైతే సార్‌కి నెట్ పోయినట్టుందని నేనే సర్దిచెప్పేదాన్ని. "పారిపోయాడు" అన్నాను. "నీ కాన్పు సెలవుని లెక్కలో వేశారు, నేను విన్నాను. ఫిర్యాదు పెట్టు, సాక్ష్యం నేను చెప్తాను. సారీ అఖిలా."

కాల్ ముగిసిన కాసేపటికే నాకో మీటింగు పిలుపు వచ్చింది. నాలుగింటికి, 'చిన్న మాట' అని. అలాంటివి నేనెన్ని పంపలేదు! భయం వేసింది, ఎందుకు దాచాలి? ఆ జీతం వల్లే ఈ ఇంట్లో నాకో టేబులుంది, వేసుకోవడానికో తలుపుంది. రేపు అవి ఉండకపోవచ్చు.

అప్పుడే అయూబ్ తలుపు కొట్టాడు. "కూలీలు లేస్తున్నారు, పోయి చెప్పు."

షెడ్డులోకి వెళ్ళాను. ఘాటుకి కళ్ళు మండాయి. కూలీలందరిలో పెద్దావిడ వెంకటరావమ్మ నన్ను చూసి, "ఏందమ్మాయ్, మిషను దిగిందంటగా! రేపు రమ్మంటారా, పీటలు ఎత్తుకుపొమ్మంటారా?" అంది.

వెనకాలే వచ్చిన అయూబ్ మిషను పక్కన ఆగి, ఫోన్ చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగాడు. ఆ ఫోన్లో ఎవరూ లేరని షెడ్డులో అందరికీ తెలుసు.

ఒక ఖాళీ పీట తీసి వాళ్ళ మధ్యలో వేశాను.

"ఏమండీ, ఇలా వచ్చి కూచోండి. రావద్దనుకున్నది మీరు. మీరే చెప్పండి."

"లోపలికి పో షమీమ్. పరువు తీయబాక" అన్నాడు పళ్ళ బిగువున.

"పోను. నాలుగింటికి నా పీటా గేటు బయట పెడతారు. పెట్టనివ్వండి. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ, ఇంకొకరి మాట నా నోటితో చెప్పను."

అయూబ్ వంటింటి కిటికీ వైపు చూశాడు. అక్కడ నిలబడి ఉన్న మా అత్త కిటికీ మూసేసుకుంది.

వెంకటరావమ్మ ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పయ్యా" అంది. "వింటాం."