అంబు మీది గుర్తు

ముసలి మొండయ్య విల్లును అడవి చౌకీదారు మోకాలికి ఆనించి విరవబోయాడు. విరగలేదు. నేల మీద వేసి బూటుకాలితో తొక్కితే గానీ ఆ వెదురు లొంగలేదు. వానకాలమంతా పొయ్యి మీది పొగలో ఆరిన విల్లది, ఏటేటా ఇప్పనూనె తాగిన విల్లు. గూడెంలో దానికి సాటి మరొకటి లేదు.

మొండయ్య చేసిన నేరం ఏమిటంటారా? కాంట్రాక్టరు టేకు దుంగలను గోదావరి దాకా వెట్టికి మోయమంటే, "ఇగ మొయ్యం" అన్నాడు. నైజాము పోయింది, వెట్టి పోయింది అని పట్నంలో కాగితాల మీద రాసుకున్నారు. అడవికి ఆ కబురు ఇంకా చేరలేదు. అడవి సర్కారుదట, దుంగ కాంట్రాక్టరుదట, కాయలు కాసే భుజం మాత్రం గూడెంలోని నాయకపోళ్లది!

ముసలాడు విరిగిన ముక్కల కోసం వంగాడు. చౌకీదారు అతని డొక్కలో తన్నాడు.

అప్పుడే దడి వెనక నుంచి ఒక అంబు దూసుకొచ్చి చౌకీదారు పిక్కలో దిగింది. వాడు లబోదిబోమంటూ, దిగిన అంబుతోనే కుంటుకుంటూ కాంట్రాక్టరు బండెక్కి పారిపోయాడు.

వేసింది ఎల్లేశం. ఎప్పుడు ఎక్కుపెట్టాడో, ఎప్పుడు వదిలాడో అతనికే తెలియదు. బండి కనుమరుగయ్యాక గానీ అంబు సంగతి తట్టలేదు. అంబు పోయింది. గుర్తుతో సహా పోయింది.

వేసిన అంబును వెతికి తెచ్చుకోవాలన్నది గూడెం కట్టు. ఈకల కింద కాల్చిన చువ్వతో ఇంటికో గుర్తు వేసుకుంటారు. ఎల్లేశం ఇంటిది రెండు గీతలు, ఒక చుక్క. వేటలో మొదట ఎవరి అంబు తగిలిందో గుర్తు చూసి తేలుస్తారు, తొడ వాళ్లకే ఇస్తారు. కిందటి ఎండాకాలం ఒక అడవిపంది తొడ దగ్గరే అతనికీ అంకయ్యకూ చెడింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏ గుర్తు ఎవరిదో పోలీసు అమీనుకు తెలియకపోవచ్చు. కానీ అమీను లాఠీకి తెలుసుకునే దారులు చాలా ఉన్నాయి.

ఎల్లేశం ఇంట్లోకి ఉరికి అంబులపొదిని పొయ్యిలో పెట్టబోయాడు. భార్య సారక్క చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్?"

"కాలవెడుత. అమీను వస్తె ఏం దొర్కద్దు. ప్రాణహిత దాటి పోదాం పా."

"అందరిండ్లల్ల అంబులుండి నీ ఇంట్లనే లేకపోతె, వేసింది ఎవ్వడని అడిగే పని గూడ ఉండదు. బేడీలు నువ్వే అందిచ్చినట్టయితది."

"మరేం జెయ్యాలె?"

"నల్గురిని అడుగుదాం పా," అంటూ సారక్క పొదిని భుజాన వేసుకొని, భర్తను మొండయ్య వాకిట్లోకి లాక్కుపోయింది. గూడెమంతా అక్కడే ఉంది. మొండయ్య భార్య కనకవ్వ అతని డొక్కకు పసుపు పట్టిస్తోంది.

"ఎల్లేశాన్ని అప్పజెప్పుదాం," అన్నాడు రాయమల్లు. "ఒక్కనికోసం ఊరంత తన్నులు తినాల్నా? నాకు పిల్లలున్నరు."

"నీ పిల్లలు రేపు దుంగలు మొయ్యరా, పిరికోడా?" అంది కనకవ్వ.

"పిరికోన్నే. నీకు భయం లేదా అవ్వా?"

అక్కడ భయం లేనిది ఎవరికి?

అంకయ్య లేచాడు. పంది తొడ పగ ఇప్పుడు తీర్చుకుంటాడనుకున్నాడు ఎల్లేశం.

అంకయ్య అతని పొదిలోంచి ఒక అంబు తీసి, గుర్తు మీద వేలు పెట్టాడు. "ముందుగాల గీతలు కాలుస్తవా, సుక్కనా?"

"గీ... గీతలు."

"చువ్వ ఎర్రగ కాల్చు, కనకవ్వా."

అంకయ్య తన అంబులను ముందేసుకొని కత్తితో తన గుర్తును గీకడం మొదలుపెట్టాడు. అది అతని తాత పెట్టిన గుర్తు. అందరూ నోరు తెరుచుకొని చూశారు.

"పిచ్చి లేసిందార? గీకితె అంబు పలసగైతది, వంకర పోతది," అన్నాడు రాయమల్లు. "అందరిది ఒక్కటే గుర్తయితె వేటల వాట ఎట్ల తేలుతది?"

"తేలకపోతె సమానంగ తిందాం. ఇయ్యాల మొండయ్య విల్లు ఇరిసిండు, రేపు నాది ఇరుస్తడు. విల్లు లేనోడు వెట్టికి గాక యాడికి పోతడు చెప్పు?"

మొండయ్య తన అంబులు తెమ్మన్నాడు. కూర్చోలేక, పడుకునే గీకాడు. గీకుతూ ఏడ్చాడు. చివరికి రాయమల్లు కూడా తిట్టుకుంటూనే కత్తి తీశాడు. సారక్క ఎల్లేశం అంబు ఒకటి కట్టెలమోపులో దోపుకొని, "తల్లిగారి గూడెం దాక పోయొస్త," అని బాట పట్టింది.

పొద్దు వాలకముందే అమీను లారీలో దిగాడు. పిక్కలోంచి తీసిన అంబు అతని చేతిలో ఉంది.

"అంబులన్ని తెచ్చి ఈడ వెయ్యుండ్రి!"

తెచ్చారు. ఒకే కుప్పగా పోశారు. అమీను ఒకటి తీశాడు. రెండు గీతలు, ఒక చుక్క. నవ్వాడు. ఇంకొకటి తీశాడు, మరొకటి తీశాడు. నవ్వు పోయింది. అంబును ముక్కు దగ్గర పెట్టుకొని కాలిన వాసన పసిగట్టాడు.

"ఇవి కొత్తయి. గీ మసి పట్టిన పాతయి ఎవనియిరా?"

లాఠీ రాయమల్లు వీపు మీద పడింది. అప్పజెప్పుదామన్నది ఆ నోరే! ఎల్లేశం కళ్లు మూసుకున్నాడు.

"మాయి," అన్నాడు రాయమల్లు.

మళ్లీ పడింది.

"మాయే సాబూ! అన్ని మాయే!"

అమీను మగవాళ్లందర్నీ లారీ ఎక్కించాడు. బాట పక్కన దుంగలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. ఎల్లేశం మోకాళ్లు వణికి అంకయ్య మోకాలికి తగులుతున్నాయి. చూస్తే, అదీ వణుకుతోంది.

"భయమైతాందా అంకయ్యా?"

"కాదా మరి? అందరికి సమానంగనే అయితాంది."

సారక్క తల్లిగారి గూడెం దగ్గర ఎత్తు ఎక్కలేక లారీ మెల్లబడింది. బాట పొడుగునా జనం నిలబడి ఉన్నారు. ముందర సారక్క. ఎవరూ కేక వెయ్యలేదు. లారీ దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ ఒక్కో అంబును పైకెత్తారు. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, ప్రతి దాని మీదా రెండు గీతలు, ఒక చుక్క.

"ఆపకు! పోనియ్యి, పోనియ్యి!" ముందు సీట్లోంచి అమీను డ్రైవరు మీద అరిచాడు.

ఆ గొంతులోని వణుకును ఎల్లేశం ఇట్టే పోల్చుకున్నాడు. పొద్దుటి నుంచి అది తన గొంతులోనే ఉంది.