రంగు రాని కారం

గోడ ఒకటే గానీ వంటిళ్లు రెండు. అటు ఇందిరాదేవి, తెనాలి నుంచి వచ్చి హైదరాబాదు కొత్తపేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఇటు అండాలమ్మ, నల్లగొండ పల్లె నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి ఆ గోడ మీదుగా గిన్నెలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. ఇంగువ లేకపోతే వెల్లుల్లి దంచి వేయమని ఒకరు, చింతపండు అయిపోతే మామిడి ఒరుగులు చాలని మరొకరు. ఎవరి వంట గొప్పదన్న పేచీ మాత్రం తెగేది కాదు. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ పేచీలో సరదా తగ్గింది.

ఆ ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని, రాష్ట్రం ఇమ్మని అడగడం. పప్పుచారు గుండిగ అండాలమ్మకు అప్పగించారు. పొద్దున చూసుకుంటే కారం డబ్బా అడుగంటింది. దుకాణాలన్నీ బంద్. మొహమాటపడుతూనే గోడ దగ్గరికి పోయింది.

"వదినె, జర కారం ఉంటే ఇయ్యి. గా చౌరస్త కాడ వండాలె."

ఎందుకో తెలిసే ఇందిరాదేవి డబ్బా మొత్తం తెచ్చి ఇచ్చింది. "మీ కారంలా కాదు వదినా, ఇది బాగా మండుతుంది. సగమే వెయ్యండి."

సరేనని తలూపింది గానీ, అండాలమ్మకు కొలతలతో పనిలేదు, అంతా కంటిచూపే. వాళ్ల ఊరి మిరపకాయ ఎర్రగా పండుతుంది, పెద్దగా మండదు. చారు ఎర్రబడేదాకా వేయడమే ఆమె లెక్క. ఈ కారానికి మంటే గానీ రంగు లేదు. డప్పుల మోతలో, నినాదాల హడావిడిలో, ఇంకా ఎర్రబడలేదని ఇంకో గుప్పెడు వేసింది. ఆపైన మరో గుప్పెడు.

మొదటి బంతిలో కూర్చున్న అంతయ్య కడుపులో పుండున్న ముసలాయన. ఆకలి మీద గబగబా మింగాడు. కాసేపటికే కడుపు పట్టుకుని రోడ్డు మీద నెత్తురు కక్కుకున్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు.

"కారం ఏడికెల్లి తెచ్చినవ్ అత్తా?" అని కాలనీ కుర్రాడు దశరథ అడిగాడు.

"మా పక్కింటి ఇందిరమ్మ ఇచ్చింది."

అది నిజమే. ఎక్కువ వేసింది తనేనన్న మిగతా నిజం గొంతు దాటలేదు. ముసలాయనకేమన్నా అయితే తన మెడకు చుట్టుకుంటుందని భయం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే పెగలకపోతే ఊరు ఏమవుతుందో ఆ మధ్యాహ్నమే తెలిసింది. అంతయ్య పోయాడన్న కబురు రాగానే, "ఆంధ్రోళ్లు విషం కలిపిండ్రు" అన్న మాట ఎవరో అన్నారు. అంతే, జనం కొత్తపేట దారి పట్టారు. అండాలమ్మ వాళ్ల వెనకే పోయింది.

గేటు చప్పుడుకు ఇందిరాదేవి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"గీ డబ్బా నీదేనా? గీ కారం తినే అంతయ్య సచ్చిపోయిండు." దశరథ డబ్బా ఎత్తి చూపించాడు.

ఇందిరాదేవి డబ్బాను చూసింది. జనం మధ్య అండాలమ్మను చూసింది. ఆ ముఖం చూడగానే జరిగిందంతా అర్థమైంది.

"నాదే. మంట ఎక్కువని చెప్పడం మరిచిపోయాను. ఆవిడనేమీ అనకండి."

మొదటి రాయి కిటికీ అద్దానికి తగిలింది. రెండోది ఆమె నుదుటికి. ఇప్పుడన్నా చెప్పు, చెప్పు అని అండాలమ్మ ప్రాణం కొట్టుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని, రాళ్లు ఆగేదాకా ఆ జనంలోనే నిలబడింది.