ఆగినప్పుడు కొట్టిన చప్పట్లు

ఆ తెల్ల గౌను కుట్టించిందా, కొన్నదా, కొన్నదే అయ్యుంటుంది, భుజాల దగ్గర అంత చక్కగా మా టైలరు కుట్టడు, అయినా పియానో వాయించేది వేళ్ళతో కదా, గౌనుతోనా, అనుకుంటూ మా పాప రిబ్బను మళ్ళీ సర్దాను, సర్దొద్దు మమ్మీ అని అది తల విదిలించింది, ఆ గౌనులోనే వేదిక మీదికి నిస్సీ వచ్చి కూర్చుంది, సుకుమారి కూతురు, పటాన్‌చెరులో ఒకే వరస ఇళ్ళలో మేం కిరాయికున్నప్పుడు మా ఇంట్లో పెరుగన్నం తిన్న పిల్ల, ఇప్పుడు వాళ్ళకు అమీన్‌పూర్‌లో ఫ్లాటు, ఇంట్లో పియానో, పోటీకి రమ్మని సుకుమారే ఫోన్ చేసి, జెర మంచి చీర కట్టుకొని రా వదినె, పెద్దోళ్ళొస్తరు అన్నది, ఆ జెర అన్న మాట పంటి సందులో పీచులా ఇరుక్కుంది, ఆ మనిషి ఇదిగో నా ముందు సీట్లోనే ఉంది, మెడ కూడా కదపడం లేదు, నిస్సీ మొదలుపెట్టింది, మాటల్లేని పాట, కుడిచేత్తో బియ్యం జల్లుతున్నట్టు, ఎడమచేత్తో ఎక్కడో దూరంగా లారీ పోతున్నట్టు, బాగుంది, బాగుండటమే నాకు కష్టంగా ఉంది, ఒక్కచోట తప్పాలి, ప్రభువా క్షమించు, ఒక్కచోటైనా తప్పాలి, మా పాపను కూడా చేర్పిద్దామని మా ఆయనతో ఎంత పోట్లాడాను, దానికి ఇష్టమున్నదో లేదో అడిగినవా అని డ్యూటీ నుంచి వచ్చిన మనిషి అటు తిరిగి పడుకున్నాడు, ఇష్టమట, తొమ్మిదో తరగతిలో నా బడి మాన్పించినప్పుడు నా ఇష్టం ఎవరడిగారు, అదిగో, నిస్సీ ఆగింది.

చేతులు గాల్లోనే ఉన్నాయి, తల వంచింది, మరిచిపోయింది, మరిచిపోయిందని నా గుండె ఎగిరింది, మా చర్చిలో పాడే పిల్లలు మధ్యలో మరిచి నిలబడిపోతే అందరం చప్పట్లు కొడతాం, ఏడవకుండా దిగి వస్తారని, ఆ అలవాటున నా చేతులు కొట్టేశాయి, గట్టిగా, స్తోత్రం అని కూడా అన్నాను, నేనొక్కదాన్నే, తలలన్నీ నావైపు తిరిగాయి, సుకుమారి పళ్ళు బిగించి, ఏంది వదినె, అయిపోలే, అది పాటలనే ఉంటది గ్యాపు అంది, నిస్సీ నన్ను చూసింది, కింది పెదవి వణికింది.

పోయింది, ప్రైజు నా వల్లే పోయింది, ఏడాదంతా నేర్చుకున్న పిల్ల, వాయించు తల్లీ, నన్ను చూడకు, ఇప్పటిదాకా తప్పాలన్న నోటితోనే బతిమాలుతున్నాను, నిస్సీ గట్టిగా ఊపిరి తీసుకుంది, పియానో మెట్ల మీద వేళ్ళు ఆనించింది, మొదట తడబడి, తర్వాత నింపాదిగా, వదిలినచోటే అందుకుంది, సుకుమారి భుజాలు దిగాయి, జాలితో చప్పట్లు కొట్టాననుకున్నాను, జాలి కాదు, ఆ పిల్లను వేదిక దించెయ్యడానికే కొట్టాను, మా పాప నా చెవిలో, మమ్మీ, నాకిది వద్దు, నువ్వే నేర్చుకోరాదు అంది, వేళాకోళం కాదు, విసుగు, కోపం రావాలి, రాలేదు, ఇంతసేపూ ఆ పియానో ముందు నా కూతుర్ని కూర్చోబెట్టి చూసుకుంటున్నాననుకున్నాను, కానీ ఆ ఊహలో పిల్ల మొహం ఒక్కసారీ కనపడలేదు, చేతులే కనపడ్డాయి, మెట్ల మీద పరుగెత్తే రెండు చేతులు, వాటికి గాజులున్నాయి, అవి నా గాజులు.