ట్రబ్‌షా గారి పేరున్న వేషం

మా మేడమీద గదిలో అద్దెకుండే లయనెల్ ట్రబ్‌షా గారి మొహం ఇంగ్లండంతా ఎరుగుదురు. పేరు మాత్రం ఏ ఒక్కరికీ తెలియదు. స్కార్బరోలో చేపల కొట్టు ముందు వరసలో నిలబడితే చాలు, ఎవరో ఒకావిడ ఎగాదిగా చూసి, "మీరు మా అత్తగారి అంత్యక్రియలకు వచ్చారు కదూ?" అని పలకరిస్తుంది. ఇంకొకాయన, "మా పొగగొట్టం బాగుచేసింది మీరేగా?" అంటాడు. ట్రబ్‌షా గారు కాదనరు. "అవునండీ, ఇప్పుడు పొగ సరిగ్గా పోతోందా?" అని ఎదురడుగుతారు. కాదంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారట.

వాళ్ళు ఆయన్ని చూసింది సినిమాల్లో. గొప్పింటి గదిలో శవం కనబడినా చేతిలో పళ్ళెం వణక్కుండా, "అమ్మగారూ, టీ ఇక్కడ ఇమ్మంటారా, పక్కగదిలోనా?" అని అడిగిన బట్లరు ఆయనే. కోర్టులో కునుకు తీసి, మెలకువ రాగానే అమాయకుడికి ఉరిశిక్ష వేసిన జడ్జి ఆయనే. చాలాసార్లు ఆ శవం కూడా ఆయనే. అన్నింటికన్నా జనానికి గుర్తుండిపోయింది స్టేషను మాస్టరు వేషం. ప్రేమికుడు వానలో తడుస్తూ పరుగెత్తుకొస్తే, గడియారం వంక చూసి, "బండి ఇప్పుడే వెళ్ళిపోయిందండీ" అంటారు. ఆ ఒక్క ముక్కే. ఆ ముక్కకి హాళ్ళలో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

అయితే సినిమా చివర పేర్లు వేసేటప్పుడు ఆయన పేరుకి ఎదురుగా ఏముండేది? బట్లరు. రెండో జడ్జి. స్టేషను మాస్టరు. శవం.

"మిసెస్ ఒగ్‌డెన్, నేను నిజంగా శవమయ్యేలోగా ఒక్క వేషానికైనా పేరుండాలండీ. తల్లీతండ్రీ పెట్టినటువంటి పేరు" అనేవారు, పొద్దున్నే ఎండుచేప ముళ్ళు తీసుకుంటూ.

అలాంటి వేషం ఒకనాడు వచ్చింది. టెలిఫోను మా ఇంట్లో మెట్ల కింద ఉంటుంది. నేను వినాలని వినలేదు, మెట్లు తుడుస్తున్నాను. తుడిచిన మెట్టునే మళ్ళీ తుడిచాననుకోండి, అది వేరే సంగతి. ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

"హెర్బర్ట్ హాబ్‌డే అట. ఇంటిపేరు కూడా ఉంది!" అన్నారు ఫోను పెట్టేసి. "పక్కింటి విధవరాలి మీద మనసుపడి, చెప్పలేక చెప్పలేక ముసలివాడైపోయిన మెతక మనిషి. ప్రతి మాటకీ ముందు 'క్షమించండి' అంటాడు. కానీ ఆ డైరెక్టరమ్మకి నామీద నమ్మకం లేదు. 'ఆయనకి బట్లరు తప్ప ఏం వచ్చు?' అందట. గురువారం టీకి వచ్చి చూసి పోతానంది."

"రానివ్వండి. నాలుగు ఘాటైన మాటలు నేనంటాను."

"మాటలొద్దు. వేషాలే చూపిస్తాను. మీరు నవ్వకుండా కూర్చుంటే చాలు."

గురువారం గంట మోగింది. తలుపు తీసింది బట్లరు! నల్లకోటు, తెల్ల చేతితొడుగులు. "ట్రబ్‌షా గారు ఇప్పుడే దిగుతారమ్మా" అని ఆ డైరెక్టరమ్మ కోటు అందుకున్నారు. ఇమోజెన్ ఫెయిర్‌క్లాత్ ఆవిడ పేరు, నా మనవరాలి ఈడు పిల్ల. వెనక పెరట్లో నా పెద్ద పెద్ద లోపావడాలు తాడుమీద ఊగుతుంటే, ఈ ఇంటికి బట్లరేమిటని ఎవరికైనా అనుమానం రాదూ? ఆ పిల్ల మర్యాదస్తురాలు, థాంక్సు చెప్పి లోపలికొచ్చి కూర్చుంది.

కాసేపటికి గ్యాసు మనిషి వచ్చాడు. టోపీ, నూనె మరకల చొక్కా. పొయ్యి దగ్గర నిటారుగా మోకరించి గొట్టం మీద కొట్టి, "అంతా బాగానే ఉందమ్మా" అని మెట్లెక్కి పోయాడు. గ్యాసు మనిషి మేడమీదికెందుకు పోతాడు?

ఆ పిల్ల తింటున్న స్కోను రొట్టె కిందపెట్టి నా చెవిలో గుసగుసలాడింది. "నాకు తెలుసు మిసెస్ ఒగ్‌డెన్. గుమ్మంలోనే పోల్చుకున్నాను. ఆయన సరదా ఎందుకు పాడుచేయాలని ఊరుకున్నాను. కానీ... ఏమనుకోకండి, ఆ గ్యాసు మనిషి కూడా బట్లరే. టోపీ పెట్టుకున్న బట్లరు. ఆ వెన్ను వంగదు. టీ అయ్యాక మెల్లగా కాదని చెప్పేస్తాను."

నా గొంతులో స్కోను అడ్డంపడింది. పైన ఆయన మూడో వేషానికి సైన్యంలో కర్నలు మీసం అతికించుకుంటున్నారు. జిగురు ఎండిపోయినట్టుంది, తిట్లు వినబడుతున్నాయి.

అప్పుడు మళ్ళీ గంట మోగింది.

వెళ్ళి చూస్తే మా పాదిరి గారు, ఆబ్రీ టింక్లర్. నిజం పాదిరి. ట్రబ్‌షా గారిలాగే పొడుగు, అంతే సన్నం, రొమ్ముదాకా గడ్డం. చర్చి సంతకి పాతబట్టలు అడగడానికి సంచి పట్టుకొచ్చారు.

"క్షమించండి, వేళకాని వేళ వచ్చానేమో" అంటూ లోపలికొచ్చి, ముక్కాలిపీటకి తగిలి, ఆ పీటకి కూడా క్షమాపణ చెప్పారు.

ఆ పిల్ల కప్పు గాలిలో ఆగిపోయింది. లేచి ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"అబ్బ! భుజాలు మారిపోయాయి! గొంతు కూడా!"

"క్షమించండి... పోయిన వారం కాస్త జలుబు చేసిందండీ."

"అమ్మా, ఆయన..." అని నేను నోరు తెరిచాను. ఆ పిల్ల వేలు పెదవిమీద పెట్టి నన్ను ఊరుకోబెట్టింది. ఇక నేనేం చేయను? మా ఊళ్ళో అతిథి పొరబడితే నలుగురిలో దిద్దడం హత్య చేసినంత పని. హత్యకైనా కారణాలుంటాయంటారు.

"ఈ గడ్డం ఎక్కడ సంపాదించారండీ?"

"అదా... దానంతటదే వచ్చిందండీ."

ఆ పిల్ల గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగింది. పాదిరి గారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "అయ్యో, క్షమించండి, తప్పు నాదే. దువ్వుకోకుండా వచ్చాను" అన్నారు. పరాయి ఆడపిల్ల గడ్డం లాగిందని పైకి అంటే ఆమె సిగ్గుపడదూ? అందుకని అదే అలవాటన్నట్టు ఇంకో వైపు గడ్డం కూడా ముందుకు పెట్టారు, మహానుభావుడు.

"సంతకి నా తరఫున ఇది" అని ఆ పిల్ల తన పట్టు కండువా తీసి సంచిలో వేసింది. ఆటలో భాగమనుకుంది. ఆయన దీవించి, పీటని తప్పుకుని, ఈసారి గొడుగుల స్టాండుకి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయారు.

"చూశారా? చివరిదాకా ఒక్క క్షణం కూడా వేషం జారనివ్వలేదు! అడుగడుగునా హాబ్‌డేనే!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు విని ట్రబ్‌షా గారు సగం మీసంతో దిగి వచ్చారు. సంగతి విని పాలిపోయారు.  ఊరుకుంటే వేషం ఆయనది. ఆయన వంటి నటుడు ఇంకొకరి చప్పట్లు తనవని ఊరుకోలేడని నాకు తెలుసు.

"అమ్మా, ఆ వచ్చింది నేను కాదు. ఆయన నిజం పాదిరి" అన్నారు.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. "ఇంకా ఆపరా మీరు?"

"ఒట్టు. ఆయన పేరు టింక్లర్."

"పేరు కూడా పెట్టారూ!"

"నిజమే తల్లీ" అన్నాను నేను.

"మీరిద్దరూ ఇద్దరే!" అని కళ్ళు తుడుచుకుంటూ, వేషం ఖాయం చేసి, రైలుకి వెళ్ళిపోయింది.

ట్రబ్‌షా గారు కుర్చీలో కూలబడ్డారు. "నేను వేయని వేషానికి నాకు వేషమిచ్చింది. రేపు కెమెరా ముందు నిలబడితే మళ్ళీ బట్లరే వస్తాడు. అప్పుడేం చేయను?"

"ఇప్పుడు నేర్చుకోండి. పాదిరి గారు చర్చిలో ఆదివారం ఆదివారం ఊరికే దొరుకుతారుగా" అన్నాను.

బాప్తిస్మం తరవాత చర్చి గడప తొక్కని మనిషి ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రసంగం వింటే ఒట్టు. పాదిరి గారు పుస్తకం ఎలా జారవిడుస్తారో, దాన్ని తీయడానికి వెన్ను ఎక్కడ వంచుతారో, అదే చూపు. పాదిరి గారైతే పొంగిపోయారు. "మిసెస్ ఒగ్‌డెన్, ఇంత వయసులో ఒక ఆత్మ దారికి రావడం నా భాగ్యం" అన్నారు. నేను అవునన్నట్టు తలూపాను. ఇంట్లో ఈయన పీటకీ పిల్లికీ క్షమాపణలు చెబుతూ, వంగి వంగి నడుస్తూ, నా నడుము నొప్పి మందు సగం ఖాళీ చేశారు.

సినిమా వచ్చింది. మా వీధి వీధంతా వెళ్ళాం. నా మెడలో ఆ పిల్ల ఇచ్చిన పట్టు కండువా, చర్చి సంతలో నేనే కొనుక్కున్నాను. తెరమీద హెర్బర్ట్ హాబ్‌డే పక్కింటావిడ గేటుకి తగిలి, ఆ గేటుకి క్షమాపణ చెప్పి, ఆవిడకి మాత్రం చెప్పాల్సింది చెప్పలేక వెనక్కి తిరిగితే, హాలంతా నవ్వుతూ ముక్కు చీదుకుంది. నా పక్కన పాదిరి గారు కూడా చీదుకున్నారు.

"పాపం, ఎంత మెతక మనిషండీ! ఇలాంటివాణ్ణి నేనెక్కడో చూశాను, గుర్తు రావడంలేదు, క్షమించండి" అన్నారు.

సినిమా అయిపోయింది. అయిపోయిందో లేదో జనమంతా కోట్లు తగిలించుకుని లేచారు. ఆఖరి బస్సు ఉంది మరి. పేర్లు ఎవరు చూస్తారు? తెరకి అడ్డంగా టోపీలు, గొడుగులు, వెనకభాగాలు.

"కూర్చోండి నాయనా, పేర్లు పడాలి!" అని అరిచాను.

"బస్సు పోతుంది మామ్మా!" అన్నాడెవరో.

ట్రబ్‌షా గారు లేచి నిలబడ్డారు. వెన్ను నిటారుగా, చేతి గడియారం వంక చూసి, హాలంతా వినబడేలా అన్నారు.

"బండి ఇప్పుడే వెళ్ళిపోయిందండీ."

వెళ్ళబోతున్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. తరవాత నవ్వులు, చప్పట్లు, "అరె, ఆయనే!" అని కేకలు. ఒక్కొక్కరే కోట్లతోనే కూర్చున్నారు.

తెరమీద పేర్లు మెల్లగా పైకి పాకాయి. హెర్బర్ట్ హాబ్‌డే. దానికి ఎదురుగా, లయనెల్ ట్రబ్‌షా. ఆయన పెదవులు కదుపుతూ రెండు పేర్లూ చదువుకున్నారు.

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. "మీరు మా అత్తగారి..." అని మొదలుపెట్టి, తెర వంక ఒకసారి చూసి, "ట్రబ్‌షా గారు కదూ?" అంది.

"అవునండీ" అన్నారాయన. "క్షమించండి."